వంటగది గీసినందుకు ఫీజు ఎవరిస్తున్నారు?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ వారాంతపు అనుబంధంలో ఇంటి అలంకరణకు కేటాయించే పేజీని నేను చాలా ఏళ్లుగా విడవకుండా చదువుతున్నాను. ఈ మధ్య అందులో పాత వంటగదులను కొత్తగా మార్పించుకున్న ఇళ్ల ఫొటోలు వరుసగా వస్తున్నాయి. ఫొటోలు అందంగా ఉంటున్నాయి, కాదనను. అయితే వాటి కింద రాసే నాలుగు వాక్యాల్లో అల్మరాల రంగు, గట్టు మీద రాయి పేరు ఉంటున్నాయే తప్ప, ఆ గదిని ఎవరు గీశారు, గీసినందుకు వారికి డబ్బు ఎవరిచ్చారు, గీసేముందు ఆ ఇంట్లో వండే మనిషిని ఏమడిగారు అన్న సంగతులు ఒక్కసారీ కనిపించలేదు. వంటగది మార్పుకు ఇంటీరియర్ డిజైనర్‌ను పెట్టుకుందామనుకునేవారు ముందుగా తెలుసుకోవలసినవి ఆ మూడేనని, ఒకే గదిని రెండుసార్లు మార్పించుకున్న దానిగా నాకు గట్టిగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిసారి మార్పించినప్పుడు మేము నేరుగా అల్మరాలు తయారుచేసి బిగించే ఒక సంస్థ దగ్గరికి వెళ్లాం. డిజైన్ ఉచితమన్నారు. వారి తరఫున వచ్చిన యువకుడు మర్యాదస్తుడు, కంప్యూటర్ పనిలో నేర్పరి కూడా. అతడిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పావుగంటలో గది కొలతలు తీసుకుని వెళ్లి, మూడో రోజుకల్లా రంగురంగుల త్రీడీ బొమ్మలు పంపాడు. వాటిలో కిటికీలోంచి లేత ఎండ పడుతోంది, గట్టు మీద పూలకుండీ ఉంది, పైనుంచి మూడు దీపాలు వేలాడుతున్నాయి. ఇంటిల్లిపాదీ చూసి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేశాం. ఆ బొమ్మల్లో చెత్తబుట్ట లేదని, కడిగిన గిన్నెలు ఆరబెట్టే చోటు లేదని, మిక్సీ పెట్టే దగ్గర ప్లగ్ లేదని అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు.

పని పూర్తయ్యాక మొదటి రోజే మూలనున్న సొరుగు మొరాయించింది. మాది మూల తిరిగే గట్టు. ఒక గోడ వైపు సొరుగు లాగితే, అది పక్క గోడ వైపు సొరుగు పిడికి కొట్టుకుని, నాలుగు వేళ్ల మేర తెరుచుకుని ఆగిపోయేది. ఆ సందులోంచి చెంచాలు బయటికి వచ్చేవి గాని గరిటెలు వచ్చేవి కావు. మూలలో రెండు మూడు అంగుళాల పట్టీ వదిలి సొరుగులు మొదలుపెట్టి ఉంటే ఈ తంటా ఉండేది కాదని తరువాత తెలిసింది. గది గీసే పని నేర్చినవారికి అది తెలియని విషయం కాదు. కానీ బొమ్మలో అన్ని సొరుగులూ మూసే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడవలసిన అవసరం గీసినవారికి కలగలేదు, అడగవలసిన తెలివి మాకు లేకపోయింది. ఏడాది తిరగకుండానే సింకు కింద గొట్టం కొద్దిగా కారి, చెక్కపొట్టును జిగురుతో అదిమి తయారుచేసే పార్టికల్ బోర్డుతో చేసిన అల్మరా అడుగు పలక ఉబ్బి, తలుపు మూసుకోవడం మానేసింది.

ఇక్కడ అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. డిజైన్ ఉచితమంటే, దాని ఖరీదు అల్మరాల ధరలో కలిసి ఉందని అర్థం. అది మోసం కాదు, వ్యాపారం. కాని అలా గీసే మనిషికి జీతం అల్మరాల అమ్మకం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్న ప్రతి గోడా అతడికి అల్మరా పట్టే చోటుగానే కనబడుతుంది. మా గదిలో కిటికీకి రెండు వైపులా నేలనుంచి పైకప్పు దాకా అల్మరాలు వచ్చాయి. పై వరుసలో ఏముందో నాకిప్పటికీ స్టూలు వేసుకుని ఎక్కితే గాని తెలియదు. ఆ వరుస నిజంగా కావాలా అని మమ్మల్ని అడగడం అతడి పని కాదు. అడిగితే అతడి సంస్థకు నష్టం. ఆ ప్రశ్న అడిగే మనిషి కావాలంటే, ఆ మనిషికి డబ్బు మన చేతిమీదుగా వెళ్లాలి, అల్మరాల లెక్కలోంచి కాదు.

స్వతంత్రంగా పనిచేసే డిజైనర్లు ఫీజు తీసుకునే పద్ధతులు కూడా ఒకటి కాదు. కొందరు మొత్తం డ్రాయింగులకు కలిపి ఒక మొత్తం చెబుతారు, కొందరు గంటల లెక్కన తీసుకుంటారు, కొందరు మొత్తం ఖర్చులో ఇంత శాతమంటారు, మరికొందరు తామే సామాను కొని, కొన్న ధర మీద కొంత వేసి మనకు ఇస్తారు. శాతం పద్ధతిలో ఖర్చు పెరిగినకొద్దీ ఫీజు పెరుగుతుంది గనుక, ఖర్చు తగ్గించే ఆలోచన చెప్పినవారికి తమ ఫీజును తామే కోసుకున్నట్టవుతుంది. అంతటి నిజాయతీపరులు లేరని అనను, కాని ఎదుటివారి నిజాయతీకి రోజూ పరీక్ష పెట్టడం మనకు మాత్రం ఎందుకు? నా మటుకు నేను డ్రాయింగులకు ఒక మొత్తం, పని జరిగేటప్పుడు సైటుకు వచ్చి చూసినందుకు వేరే మొత్తం మాట్లాడుకోవడమే మేలంటాను. ఇక హింజులు (తలుపు బందులు), ఛానెళ్లు (సొరుగు జారే పట్టాలు), టైల్స్, రాయి అమ్మేవారి దగ్గరనుంచి డిజైనర్‌కు కమీషన్ ముడుతుందా అన్నది మొహమాటపడకుండా అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోవాలి. కమీషన్ తీసుకోవడం తప్పని నేననడం లేదు. అది మనకు తెలియకుండా ఉండటమే తప్పు.

వంటగదిని ఆలోచించి గీయడం ఈనాటి ముచ్చట కాదు. ఆస్ట్రియాకు చెందిన మార్గరెటె ష్యుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న ఇళ్ల కోసం, ఇంచుమించు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉన్న వంటగది గీశారు. రైళ్లలో భోజనాల పెట్టె వెంట ఉండే ఇరుకు వంటగదిలో అంతమందికి ఎలా వండి పెడుతున్నారో గమనించి, వండే మనిషి ఏ పనికి ఎన్ని అడుగులు వేస్తున్నదీ ఎంతసేపు తీసుకుంటున్నదీ లెక్కకట్టి, దాన్నిబట్టి అరలూ గట్టూ అమర్చారు. అటువంటి వంటగదులు ఆ నగరంలో దాదాపు 10,000 వరకు అమరాయి; ఈనాడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి అదే మూలమని చెబుతారు. అయితే ఆ గదిలో ఒకరు తప్ప ఇద్దరు నిలబడి పనిచేయడానికి వీల్లేదని, పిల్లలను కనిపెట్టుకుంటూ వండే వీలు లేదని విమర్శలూ వచ్చాయి. దాన్ని గీసేనాటికి తాను స్వయంగా వంట చేసి ఎరగనని ఆవిడే తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. గీసేవారికి వంట రావలసిన పని లేదు, వండేవారిని ఓపికగా చూసే కన్ను ఉంటే చాలు. ఆ కన్ను ఎంతసేపు చూసిందన్నదే లెక్క.

అడుగు పలక ఉబ్బిన తరువాత మేము పెట్టుకున్న రెండో డిజైనర్ ఆ చూపు ఉన్న మనిషి. ఫీజు మాట్లాడుకున్న మర్నాడే, సరిగ్గా వంటవేళకు వచ్చి, గుమ్మం పక్కన స్టూలు వేసుకుని గంటసేపు కూర్చున్నారు. మా అత్తగారు, నేను ఇద్దరం వండుతాం. మేము ఒకరికొకరం ఎక్కడ అడ్డం పడుతున్నాం, సింకు దగ్గరనుంచి స్టవ్ దగ్గరికి నీళ్లు ఓడుతున్న గిన్నెతో ఎన్నిసార్లు నడుస్తున్నాం అన్నది ఒక చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకున్నారు. తరువాత మా అత్తగారిని, "అమ్మా, మీరు రోజూ వాడేవాటిలో అన్నిటికన్నా పెద్ద గిన్నె ఏదో ఒకసారి చూపిస్తారా?" అని అడిగారు. ఆవిడ అటక కిందనుంచి తెచ్చి పెడితే, టేపు తీసి దాని ఎత్తు, వెడల్పు, పిడులతో కలిపి కొలుచుకున్నారు. "సొరుగు లోతు దీన్నిబట్టి పెడతానమ్మా" అన్నారు. అత్తగారు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ ఇంట్లో అన్నేళ్లుగా వండుతున్న ఆవిడను, వంటగది గురించి ఒక ప్రశ్న అడిగిన బయటి మనిషి అదే మొదలు.

ఆ తరువాత మా ఇద్దరినీ నిలబెట్టి, చేయి మడిపించి, నేలనుంచి మోచేతి దాకా కొలిచారు. గట్టు ఎత్తు సాధారణంగా 32 నుంచి 36 అంగుళాల మధ్య పెడతారు. అది సగటు మనిషి కోసం అనుకున్న లెక్క. అసలు నియమం ఏమిటంటే, తరగడానికి గట్టు మోచేతికన్నా నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి ఉంటే భుజాలు నొప్పిపెట్టవు. స్టవ్ మీద గిన్నె ఎత్తు కలుస్తుంది గనుక స్టవ్ ఉండే చోటు ఇంకాస్త తగ్గినా ఫరవాలేదు; సింకులో చేతులు అడుగుదాకా వెళ్లాలి గనుక అక్కడ కాస్త ఎత్తు ఉంటే నడుం వంగదు. మా అత్తగారు నాకన్నా బాగా పొట్టి. గట్టంతా ఒకే ఎత్తున ఉండాలని రూలేమీ లేదంటూ, కిటికీ వైపు ఒక భాగాన్ని మూడు అంగుళాలు తగ్గించి గీశారు. తరగడం, కలపడం ఇప్పుడు ఆవిడ అక్కడే చేసుకుంటున్నారు. ఏ త్రీడీ బొమ్మలోనూ ఆ మూడు అంగుళాలు కంటికి ఆనవు.

సింకు, స్టవ్, ఫ్రిజ్ మూడింటినీ కలిపే త్రికోణం గురించి మీ పాఠకులు కొందరు వినే ఉంటారు. 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశీలనలతో ప్రచారంలోకి వచ్చిన ఈ లెక్క ప్రకారం, ఒక్కొక్క భుజం నాలుగు అడుగులకు తగ్గకుండా తొమ్మిది అడుగులకు మించకుండా, మూడూ కలిపి 26 అడుగులు దాటకుండా ఉండాలి. వండేవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఇది చక్కగా సరిపోతుంది. ఇద్దరున్న ఇంట్లో మాత్రం త్రికోణం కన్నా నడిచే దారి వెడల్పే ముఖ్యం. ఎదురెదురు గట్ల మధ్య ఒక్కరికైతే 42 అంగుళాలు, ఇద్దరికైతే 48 అంగుళాలు వదలాలంటారు. మా మొదటి వంటగదిలో ఆ దారి 36 అంగుళాలే ఉండేది, ఎందుకంటే రెండో వైపు కూడా పూర్తి లోతు అల్మరాలు పెట్టారు. రెండోసారి ఆ వైపు లోతు తగ్గించి దారి పెంచారు. అంటే ఈ రెండో డిజైనర్ మాకు అల్మరాలు తగ్గించారు. అమ్మకం మీద బతికే డిజైనర్ ఎవరూ చెప్పని సలహా అది.

సామాను ఎంపిక దగ్గర కూడా ఈ తేడా బయటపడుతుంది. నీళ్లు తగిలే సింకు కింది భాగానికి పార్టికల్ బోర్డు వాడకూడదని, అక్కడ నీటిని తట్టుకునే ప్లైవుడ్ గాని, వీలైతే స్టెయిన్‌లెస్ స్టీలు గాని పెట్టాలని ఆ డిజైనర్ స్పష్టంగా రాసిచ్చారు. బోర్డు ఏదైనా దాని కోసిన అంచులన్నిటికీ, కంటికి కనబడని వెనుక అంచుతో సహా, ఎడ్జ్ బ్యాండింగ్, అంటే అంచును మూసే పట్టీ, పడాలి. నీరు దూరేది అక్కడినుంచే. ఈ బోర్డుల్లో వాడే జిగురునుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు మెల్లగా వెలువడుతుంటుంది. దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లో చేర్చింది. అందుకే తక్కువ ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే రకమా కాదా అన్నది బోర్డు మీది ముద్ర చూసి తీసుకోవాలి. గట్టు మీద పరిచే కృత్రిమ క్వార్ట్జ్ రాయి విషయం మరొకటి. మరకలు పట్టదు, నిజమే. కానీ దాన్ని పట్టి ఉంచేది రెజిన్ అనే జిగురు లాంటి పదార్థం గనుక, పొయ్యి మీదినుంచి దించిన గిన్నె నేరుగా పెడితే ఆ చోట రంగు మారవచ్చు, పగలవచ్చు. ఆ రాయిని కోసే కార్మికుల ఊపిరితిత్తుల్లోకి సిలికా ధూళి చేరి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తున్నదని 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియా దాని వాడకాన్నే నిషేధించింది. రాయి నమూనాలు బల్ల మీద పరిచి చూపేటప్పుడు ఈ సంగతి మాకు మొదటిసారి ఎవరూ చెప్పలేదు. తెలిసిన తరువాత కూడా అదే రాయి కావాలని కొందరు అనవచ్చు. కనీసం మా ఇంటి లోపల కోయకుండా, నీళ్లు పోస్తూ కోసే యంత్రం ఉన్న చోట కోయించుకుని తెమ్మని అడగవచ్చు కదా.

కరెంటు, నీళ్ల గొట్టాలు, చిమ్నీ గురించి ఎక్కువ రాయను. ఓవెన్ వంటి ఎక్కువ కరెంటు లాగేవాటికి విడి లైను, ఫ్యూజుబోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా సరఫరా తెంచే రక్షణ పరికరం, చిమ్నీ గొట్టానికి వీలైనన్ని తక్కువ మలుపులు, ఇవన్నీ డ్రాయింగులో ఉండాలి. గోడ పగలగొట్టిన తరువాత ఎలక్ట్రీషియన్‌తో నిలబడి మాట్లాడుకునే విషయాలు కావు.

డ్రాయింగు అన్న మాటను ఇన్నిసార్లు ఎందుకు రాస్తున్నానంటే, ఫీజు వేరుగా ఇచ్చినందుకు మన చేతికి వచ్చేది అదే. పైనుంచి చూసిన ప్లాను, ఒక్కొక్క గోడకు ఎదురుగా నిలబడి చూసినట్టుండే ఎలివేషన్, ప్లగ్‌లూ దీపాలూ ఎక్కడెక్కడ ఏ ఎత్తున వస్తాయో చూపే కాగితం, నీళ్ల గొట్టాల కాగితం, ఏ భాగానికి ఏ బోర్డు ఎంత మందం, ఏ రకం హింజు, ఏ ఛానెల్ అన్న జాబితా. ఇవి మన దగ్గర ఉంటే వాటినే ముగ్గురికి ఇచ్చి కొటేషన్లు తెచ్చుకోవచ్చు, ఆ ముగ్గురూ ఒకే వస్తువుకు ధర చెబుతారు. ఉచిత డిజైన్ల దగ్గర ఇది కుదరదు. అడ్వాన్సు కట్టేదాకా కొలతలున్న కాగితం చేతికివ్వరు, ఇచ్చిన బొమ్మలో కొలతలు ఉండవు. ఒకరి బొమ్మకూ మరొకరి బొమ్మకూ పోలిక లేనప్పుడు, తక్కువ ధర చెప్పినవారు నిజంగా తక్కువకే ఇస్తున్నారా, పలుచని బోర్డు వేస్తున్నారా అన్నది తేలదు. డ్రాయింగులు వాడుకునే హక్కు మనదేనన్న మాట కూడా ఒప్పందంలో రాయించుకోవడం మంచిది, కొందరు ఆ హక్కు తమ దగ్గరే ఉంచుకుంటారు.

మొదటి పనికి ముందే చాలావరకు డబ్బు కట్టి మేము చేతులు కాల్చుకున్నాం. రెండోసారి పని జరిగినకొద్దీ విడతలుగా ఇచ్చి, చివరి విడతను ప్రతి సొరుగూ ప్రతి తలుపూ తెరిచి చూసి, లోపాల జాబితా రాసి, అవి సరిచేసిన తరువాతే ఇచ్చాం. ఆ జాబితాలో పదకొండు అంశాలు తేలాయి. వాటిలో ఒకటి మా అత్తగారు కనిపెట్టింది: ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరిస్తే పక్క గోడకు తగిలి లోపలి ట్రే బయటికి రావడం లేదు. మంచి డిజైనర్ ఉన్నా పొరపాట్లు జరుగుతాయన్నమాట. అయితే తప్పు తనదని ఒప్పుకుని, ఫ్రిజ్‌ను అరచేతి వెడల్పు ఇవతలికి జరిపి, ఆ సందులో ట్రేలు నిలబెట్టే సన్నటి అర గీసిచ్చారు. దానికి వేరే ఫీజు అడగలేదు.

ప్రతి ఇంటికీ డిజైనర్ తప్పనిసరని వాదించడానికి నేనీ ఉత్తరం రాయలేదు. ఒకే గోడ వెంట ఉన్న చిన్న వంటగదిలో, సింకూ స్టవ్ ఉన్న చోటే ఉండి అల్మరాలు మాత్రమే మార్చుకునేవారికి ఆ ఉచిత డిజైనే సరిపోతుంది, అనుభవమున్న వడ్రంగి అంతకన్నా బాగా చేసిపెట్టవచ్చు. మొత్తం ఫీజు భారమనుకునేవారికి, రెండు మూడు గంటలకు వచ్చి చూసి సలహా చెప్పి వెళ్లే డిజైనర్లు కూడా ఉంటారు. అడిగితే గాని తెలియదు. గోడలు కదిలేటప్పుడు, గొట్టాలు చోటు మారేటప్పుడు, వండేవారు ఒకరికన్నా ఎక్కువ మంది ఉన్నప్పుడు మాత్రం, అమ్మేవారికి సంబంధం లేని మనిషి చేత గీయించుకోవడం అవసరమని నా అభిప్రాయం.

మీ పత్రికకు నా మనవి చిన్నదే. ఇకముందు ఆ పేజీలో ఏ వంటగది ఫొటో వేసినా, దాని పక్కన కొలతలతో ప్లాను కూడా వేయండి. గీసినవారికి ఫీజు ఇంటివారిచ్చారా, అల్మరాలు అమ్మినవారిచ్చారా అన్నది ఒక్క వాక్యంలో రాయండి. వీలైతే పని పూర్తయిన రోజున కాక, వండటం మొదలై ఏడాది గడిచాక వెళ్లి ఫొటో తీయండి, సొరుగులు తెరిచి ఉంచి.

ఇట్లు,
మీ పాఠకురాలు